ముప్పై ఎనిమిది కిలోమీటర్లు

గేటు దాటే ముందు, కారు ఆ ప్రయాణంలో ఎంత దూరం వెళ్ళిందో చూపే ట్రిప్ మీటర్ నొక్కి సున్నా చేయడం అన్నయ్యకి అలవాటు. చివరి ప్రయాణంలోనూ చేశాడు. గుండెనొప్పితో కారు రోడ్డు పక్కన ఆపేసరికి అందులో 38.4 ఉంది. కారుని లారీ మీద ఎక్కించి ఇంటికి తెచ్చారు కాబట్టి అంకె మారలేదు. ఎనిమిది నెలలుగా వదిన రోజూ తాళం తిప్పి, దాన్ని కాసేపు చూసుకుని, ఆపేస్తోంది.

ఇప్పుడు వదినకి బస్సు వెళ్ళని చోట ఉద్యోగం వచ్చింది. తాళం పూర్తిగా తిప్పినా కారు స్టార్ట్ కాలేదు. ఇంజన్ కంప్యూటర్లో నీళ్ళు దిగాయని, విప్పి బాగుచేయాలని, అన్నయ్య స్నేహితుడైన మెకానిక్ నిన్న వచ్చి చెప్పాడు. అతను విప్పబోతే వదిన చేయి అడ్డం పెట్టింది. పొద్దున్నే నన్ను పిలిచి, "నువ్వైతే నెమ్మదిగా తీస్తావు" అంది.

మెకానిక్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్ చెల్లెమ్మా."

"తీస్తే ఆ అంకె పోతుందిగా అన్నయ్యా," అంది వదిన ఫోన్ దగ్గరికి వంగి. "తీయకుండా కుదరదా?"

"కంప్యూటర్ కాలిపోతుందమ్మా. ఉన్న కారూ పోతుంది."

వదిన చివరిసారి తాళం తిప్పి చూసింది. తర్వాత తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుని తల ఊపింది. నేను పానాతో నట్టు వదులు చేసి, నెగటివ్ వైరు పక్కకి మడిచి గుడ్డ చుట్టాను. మీటర్ అద్దం అప్పటికే నల్లగా ఉంది, అలాగే ఉంది.

"పోయిందా?"

"పోయే ఉంటుంది వదినా."

పావుగంట ఆగమన్నాడు మెకానిక్. వదిన డ్రైవర్ సీట్లోనే కూర్చుంది. సీటు అన్నయ్య కాళ్ళకి సరిపడా వెనక్కే ఉంది. ఆమె పాదాలు పెడళ్ళకి అందలేదు.

"చెల్లెమ్మా, ముందు బండి ఇనుము ముట్టుకో, ఒంట్లో కరెంటు పోతుంది. కంప్యూటర్‌కి ఉన్న ప్లగ్గు లాకు ఎత్తి తీయి. వైర్లు పట్టుకుని లాగావో, జడ పీకినట్టు చేతికొచ్చేస్తాయి!"

వదిన నవ్వింది. ప్లగ్గు ఊడదీసి, నాలుగు బోల్టులు తీశాను. కంప్యూటర్ ఉన్న పుస్తకమంత అల్యూమినియం పెట్టె చేతిలోకి వచ్చింది. వదిన దాన్ని పొడిబట్టలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"బాగయ్యాక మొదటిసారి నువ్వే నడుపు," అంది. "మీటర్లో ముప్పై ఎనిమిది దాటాక స్టీరింగ్ నేను తీసుకుంటా."