కారం అన్న మాట

మా బావమరిది సూర్యారావు నా మిరియాల మీద హత్యానేరం మోపాడు. నా భార్య సరస్వతి పోయిన పదకొండో రోజున, నా ఇంట్లో, నా అన్నం తింటూ మోపాడు.

"నీ మిరియాలే మా అప్పని సంపేసాయి బావా. తీగలు నరికీ."

మా ఊళ్లో కొబ్బరి చెట్లకు మిరియం తీగ పాకించినవాణ్ణి నేనొక్కణ్ణే. తుపాను చెట్లను కూలిస్తే మళ్లీ నాటాను. నా గింజ చిన్నది. కొరికితే చెవుల దాకా మండుతుంది.

సరస్వతికి మూర్ఛ ఉండేది. రోజూ మాత్ర వేసుకునేది. పదేళ్లుగా మూర్ఛ రాలేదు. కడుపులో మంట అంటే టెక్కలి డాక్టరు కారం మానేయమన్నాడు. మా ఇళ్లలో కారం అంటే ఎండుమిరప పొడి. ఆ రోజే మానేసింది. పప్పులో, చారులో, చేపల పులుసులో మిరియాలు వేసింది. పొద్దున్నే కషాయం. దంచి ఇచ్చింది నేనే.

ఇది మాత్రం కారం కాదా అని ఒకసారి అడిగాను.

"మిరియం కారమేటి? మన పంట," అంది.

రెండు నెలలకు నడకలో తూలుడు వచ్చింది. నూతి దగ్గర పడింది. తల రాతికి తగిలింది. మళ్లీ లేవలేదు.

సూర్యారావు కూతురు హిమజ విశాఖలో మందుల మీద పరిశోధన చేస్తోంది. దాని తండ్రి మాట అబద్ధమని తేల్చమని గుప్పెడు మిరియాలు ఇచ్చాను. నెలకు పూండిలో రైలు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చింది. ఆరు రకాలు పరీక్షిస్తే నా వాటిలోనే పైపరిన్ ఎక్కువట. మిరియం ఘాటుకు మూలం అదేనట. నిటారుగా కూర్చున్నాను.

తర్వాత మిగతాది చెప్పింది.

"కొన్ని మందుల్ని కాలేయం అరగదీయకుండా ఆ పైపరిన్ అడ్డుకుంటాది మావా. అత్త మాత్ర ఒంట్లో పేరుకునుంటాది. తూలుడు అందుకే వచ్చుండొచ్చు. డాక్టరుకి సెప్పుంటే మోతాదు సూసీవోరు."

"నాసిరకం గింజైతే?"

"ఇంత పని సెయ్యదేమో."

తీగలు నరకలేదు. కాశీబుగ్గ కొట్లకు వెళ్లే ప్రతి సంచిలో నా చేతిరాతతో చీటీ పెడుతున్నాను: 'ఇది కారమే. మూర్ఛ మాత్రలు వాడేవారు డాక్టరుకు చెప్పి తినాలి.'

కొట్లో అందరి ముందూ సూర్యారావు ఆ చీటీ పైకెత్తాడు.

"ఒప్పీసుకున్నావేటి బావా?"

"కిందన నా పేరుంది. అదీ సదువు," అన్నాను.

నా దానికంటే ఘాటైన మిరియం ఈ తీరాన ఎవడూ పండించలేదు. ఇది రాయడం ఒక్కసారే. ఇకపై దీని గురించి ఎవరడిగినా నోరు విప్పను.