నాలుగో ప్రశ్న

సత్యవ్వ ఒళ్లోని చాట ముందు జారింది, ఆ వెనుకే సత్యవ్వ ఒరిగిపోయింది. తునికాకు ముక్కలు, తంబాకు, చుట్టిన బీడీలు గచ్చు మీద చెల్లాచెదురయ్యాయి. పక్కనే కూర్చుని బీడీలు చుడుతున్న రాధమ్మ చేతిలోది పారేసి ఆమె తల పట్టుకుంది. కోరుట్లలోని ఆ వాడలో ఆడవాళ్లు కళ్లు తిరిగి పడిపోవడం వింతేమీ కాదు. పడతారు, ముఖాన నీళ్లు చల్లించుకుంటారు, రోజుకు వెయ్యి బీడీలు పూర్తి కావాలి కనుక మళ్లీ చాట ఒళ్లోకి లాక్కుంటారు. ఈసారి సత్యవ్వ లేవలేదు. ఆటోలో వేసుకుని జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఎనిమిది ఉన్న రక్తం ఆరుకు దిగిందని డాక్టరమ్మ చెప్పింది. రోజూ రక్తం పట్టే ఐరన్ గోలీ వేసుకుంటున్న మనిషికి ఎందుకు దిగిందో ఆమెకు అంతుపట్టలేదు. ఏం తింటుంది, ఏం తాగుతుంది అని అడుగుతూ పోయింది. అన్నం తినగానే గ్రీన్ టీ తాగుతుందనీ, ఆ టీతోనే రక్తం గోలీ మింగుతుందనీ రాధమ్మ చెప్పింది. కాస్త గొప్పగానే చెప్పింది. ఆ టీ తెచ్చింది తన చెల్లెలి బిడ్డ ప్రవళిక కదా మరి!

డాక్టరమ్మ రాయడం ఆపి విడమరిచి చెప్పింది. టీ చెడ్డదేమీ కాదు. దాని వగరులో కాటెకిన్లని ఉంటాయి, వాటి వల్ల ఒంటికి మేలుందా అని లోకమంతా పరిశోధనలు చేస్తున్నారు. కానీ గోలీలోని ఇనుము కడుపులో పడగానే అవి దాన్ని పట్టేసుకుంటాయి, ఒంటికి అందనివ్వవు. రక్తం బాగున్నవాళ్లకు దానితో పెద్ద ఇబ్బంది లేదు. రక్తం లేనివాళ్లు మాత్రం గోలీకీ టీకీ నడుమ రెండు గంటలైనా విడవాలి. టీ ఒక్కటే కారణమని తాను అనననీ, కానీ ఇన్నాళ్ల గోలీలు చాలామటుకు వృథా అయి ఉంటాయనీ అంది. "ఈ సంగతి మీకెవరూ చెప్పలేదా? టీ ఇచ్చినవాళ్లు కాగితం ఏమన్నా ఇచ్చారా?" అని అడిగింది.

ఇచ్చారు. రాధమ్మ దాన్ని భద్రంగా పెట్టెలో దాచింది, చదవలేదు.

ప్రవళిక ఇంటర్ రెండేళ్లూ రాధమ్మ ఇంట్లోనే ఉండి చదివింది. తంబాకు ఘాటు పిల్లకు పడదని పరీక్షలప్పుడు రాధమ్మ వాకిట్లో ఎండలో కూర్చుని బీడీలు చుట్టింది. ఆ పిల్ల ఫార్మసీ చదివి, హైదరాబాదులో ఏదో కంపెనీలో చేరి, నాలుగు నెలల కిందట బ్యాగు తగిలించుకుని వాడలోకి వస్తే రాధమ్మకు కాళ్లు నేల మీద నిలవలేదు. గ్రీన్ టీతో షుగరు తగ్గుతుందా, కొవ్వు కరుగుతుందా అని పరిశోధనట. ముప్పై మంది కావాలట. టీ ఊరికే ఇస్తారట, నెలకోసారి వేలు పొడిచి చుక్క రక్తం తీస్తారట. వేలు పొడిస్తే చుట్టుడు సాగదని ఆడవాళ్లు వెనకాడితే, ఎడమచేతి చిటికెన వేలు ఇయ్యండని ఉపాయం చెప్పింది రాధమ్మే. సత్యవ్వ వద్దంటే, మా బిడ్డను నమ్మవా అని దెప్పింది కూడా. కార్ఖానా పుస్తకంలో ఎక్కడ చూపితే అక్కడ సంతకం పెట్టడం అలవాటైన చేతులవి, ప్రవళిక చూపిన చోటా అలాగే పెట్టాయి. సాక్షి సంతకాలన్నీ రాధమ్మవే.

జగిత్యాల నుంచి వచ్చీ రాగానే ఆమె పెట్టె తెరిచింది. కాగితం అచ్చంగా తెలుగులోనే ఉంది. ఏడో తరగతి చదువుతో వేలు పెట్టి కూడబలుక్కుంది. నాలుగో ప్రశ్న: ఐరన్ మాత్రలు వాడుతున్నారా? వాడుతున్నవారిని ఈ పరిశోధనలో చేర్చుకోరాదు. పక్కన 'లేదు' అన్న చోట టిక్కు. వాడంతా తిరిగి, దొరికిన కాగితాలన్నీ చూసింది. అన్నింటిలో అదే టిక్కు. సత్యవ్వ కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకుంది.

మూడోనాడు ప్రవళిక ఆఖరి చుక్క కోసం వచ్చింది. సత్యవ్వ ఇంకా ఆసుపత్రి మంచం మీదే ఉంది. సత్యవ్వ తనంతట తానే పరిశోధన మానుకుందని ఒక కాగితం రాసుకొచ్చింది పిల్ల, సాక్షి సంతకం కావాలంది.

"గోలీలు ఏసుకునేది నీకెరికె గదనే?" అని అడిగింది రాధమ్మ. "గీ ఇంట్ల ఉన్నప్పుడు నా గోలీ, నీళ్లు నువ్వే తెచ్చిస్తుంటివి."

ప్రవళిక తల దించుకుంది. "ఎరికె పెద్దమ్మ. ముప్పై మందిని చూపకుంటె నన్ను తీసేస్తరు. రక్తం గోలీ ఏసుకోని బీడీలామె గీ వాడల ఒక్కతన్న ఉన్నదా, నువ్వే చెప్పు."

లేదు. అది నిజమే కావడం రాధమ్మను ఇంకా మండించింది. వచ్చే వారం సిరిసిల్లకు పోవాలట, సాంచాల మీద బట్ట నేసేవాళ్ల ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల దగ్గరికి. వాళ్ల కాగితాలు అప్పుడే బ్యాగులో ఉన్నాయి.

ఆడవాళ్లంతా వచ్చి చాటలు ఒళ్లో వేసుకుని కూర్చున్నారు. ప్రవళిక సూది విప్పి, గొంతు తగ్గించి అంది: "ఒక్క చుక్క పెద్దమ్మ. నువ్విస్తె అందరిస్తరు."

రాధమ్మ కొంగు విప్పి, సత్యవ్వ కాగితం తీసి నాలుగో ప్రశ్న గట్టిగా చదివింది. రెండుచోట్ల తడబడింది, మళ్లీ చదివింది.

"లేదు అని టిక్కు పెట్టింది ఇది. కింద సాక్షి సంతకం నాది. సత్యవ్వ గట్ల పడ్డదంటె దాంట్ల నా చెయ్యి గూడ ఉన్నది. గిప్పుడు నా వేలు నేనియ్య."

రాధమ్మ కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని, చేతులు రెండూ దాని కింద దాచుకుంది. ప్రవళిక సూది పట్టుకున్న చెయ్యి పక్కామె వైపు తిప్పింది. ఆమె రాధమ్మ ముఖంలోకి చూసింది, చాపబోయిన చెయ్యి తన చాట కిందికి లాక్కుంది.