నాలుగో కాలు

ఏటి పక్కన కరెంటు టవరుకి పునాది పోసిన మేస్త్రీ చెయ్యి తిరిగిన మనిషే. ఒక్కో కాలి కిందా లోతుగా బోరు వేసి, అందులోకి గొట్టం దింపి, అడుగునుంచి కాంక్రీటు నింపుకుంటూ రావాలి. నిండేకొద్దీ గొట్టాన్ని పైకి లాగాలి గానీ, దాని కొస కాంక్రీటులోంచి బయటపడకూడదు. పడిందా, బోరులోని బురద మధ్యలో దూరి కూచుంటుంది. నిద్రలో లేపి అడిగినా ఈ మాట చెబుతాడు.

అంత తెలిసినవాడూ నాలుగో కాలు దగ్గర బోల్తా కొట్టాడు. గొట్టం ఇరుక్కుందని విసుగెత్తి, క్రేనువాణ్ణి గట్టిగా లాగమన్నాడు. కొస కాస్తా తేలిపోయింది. నోరు మెదపకుండా మళ్లీ దింపి పని కానిచ్చేశాడు. చెబితే ఇన్నేళ్ల పేరూ మంటగలిసిపోతుంది. 'ఏం కాదులే' అనుకున్నాడు. ఆ మాట మనిషికి ఎంత సులువుగా దొరుకుతుందో చూడండి! ఇంజనీరు పరీక్షకి మొదటి కాలిని ఎంచుకున్నాడు, నాలుగోదాని జోలికి ఎవరూ పోలేదు.

టవరు లేచింది. ఎవరెవరి పిల్లలో పనివాళ్లుగా వచ్చి రోజూ ఎక్కి దిగుతుంటే మేస్త్రీ కిందనుంచి చూశాడు. గుండె పీకుతూనే ఉండేది, ముద్ద దిగుతూనే ఉండేది.

తీగ లాగే రోజొచ్చింది. తీగ బిగిసిందంటే బరువంతా ఒక పక్క కాళ్ల మీదే పడుతుంది, నాలుగోది ఆ పక్కదే. ఆ పొద్దున ఎక్కేవాళ్లలో ఒకడికి జ్వరమొస్తే, బదులు పక్క ముఠాలోంచి వచ్చినవాడు సాక్షాత్తూ మేస్త్రీ బావమరిది.

మేస్త్రీ వాణ్ణి పక్కకి పిలిచి, ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంటికి పొమ్మని బతిమాలాడు. అక్క చేతి వంట తిని బావకి పిరికితనం పట్టిందని వాడు నవ్వేశాడు. నడుముకి తాడు బిగించుకుని నాలుగో కాలు పట్టుకున్నాడు.

"నువ్వు పోసిన కాలేగా బావా, కళ్లు మూసుకుని ఎక్కుతా."

రెండడుగులు పైకి వేశాడో లేదో, మేస్త్రీ వాడి మడమ పట్టుకున్నాడు.

"దిగరా. దాని కింద బురదుంది. పోసినవాణ్ణి, నాకు తెలుసు."

ఇంజనీరు పని ఆపించాడు. టవరెక్కేవాళ్లంతా దూరంగా వెళ్లి కూర్చున్నారు. ఒక్కడూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండుననిపించింది మేస్త్రీకి, సిగ్గుతో చచ్చిపోయాడు. బావమరిది తాడు విప్పుకుంటూ వాళ్లవైపే చూస్తున్నాడు.

"వాళ్లు రోజూ ఎక్కుతున్నారుగా బావా. ఇవాళ నేను రాకపోతే చెప్పేవాడివా?"

అబద్ధమాడదామనే మేస్త్రీ నోరు తెరిచాడు.

"లేదురా," అన్నాడు.

బావమరిది వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాడు.