ఖాళీ చేతులతో వచ్చిన అంజినప్ప

మా మనవరాలు సుప్రజకు కుప్పంలో సంబంధం చూడడానికి నేనూ, ఆమె తండ్రి అయిన నా కొడుకు జనార్దనూ పెద్దమండ్యం నుంచి బయలుదేరాం. మదనపల్లెలో బస్సు మారాం. పుంగనూరు బస్టాండులో సుప్రజ కాచుకుని ఉంది. ఆ ఊళ్లోనే ఒక ఆఫీసులో ఆమెకు ఉద్యోగం. పక్క కుర్చీలో కుప్పం అబ్బాయి భరత్‌కు ఉద్యోగం. సంబంధం ఎట్లా వచ్చిందో వివరించాల్సిన పని లేదు.

కిటికీలోంచి బిస్కెట్ పొట్లం అందించి, "తాతా, నీకు దండం పెడతా. ఆడ నోరు తెరవగాకు. రెండు సంబంధాలు నువ్వే సెడగొడితివి. ఇదిగాని తప్పిపోతే నాకింక పెండ్లే వద్దు" అంది.

"నేనేమంటిని?"

"నువ్వేమీ అనవు. గొర్రె సెవి సూసి, లేసి వచ్చేస్తావు."

నిజమే. మేము గొర్రెలు మేపే వాళ్లం. ఇంటికొక చెవి గుర్తు ఉంటుంది. పిల్ల పుట్టిన వారానికి దాని చెవి మీద ఆ గాటు పెడతాం. ఒకే గుర్తు వాళ్లంతా అన్నదమ్ముల వరస, వాళ్లలో వాళ్లకు పెళ్లి కూడదు. మనుషుల పేర్లు ఆధార్ కార్డులో ఒకలాగ, రేషన్ కార్డులో ఒకలాగ ఉంటాయి. గొర్రె చెవిలో ఆ గందరగోళం లేదు. మా గుర్తు ఎడమ చెవి కొన రెండుగా చీలిక, దాని కింద చంద్రవంక గాటు.

కుప్పంలో అబ్బాయి తండ్రి చంద్రమోహన్ బస్టాండుకే కారు తెచ్చాడు. ప్లాట్లు అమ్ముతాడు. వాళ్లుండేది మండ్యం వీధి. అరవై ఏళ్ల కిందట కరువులో మా వైపు నుంచి వలసపోయిన నలభై ఇళ్ల వాళ్లు కట్టుకున్న వీధి. ఇప్పుడది చారిత్రక వీధి అట.

"ఇంట్లోకి తర్వాత పోదాం మామా. ముందు మా వీధి సూడండి" అని కారు దింపి నడిపించాడు. మామా అని వరస అప్పుడే కలిపేశాడు.

వీధి మొదట్లో సిమెంటు ఆర్చి. దాని మీద తెలుగు, కన్నడ, తమిళ భాషల్లో స్వాగతం. ఆ నలభై ఇళ్ల వాళ్లు వచ్చిన రోజు వీటిలో ఒక్క భాషలోనూ రమ్మన్నవాడు లేడు. అందుకని ఇప్పుడు మూడూ రాసినట్టున్నారు.

ఆర్చి పక్కన ఒక బొమ్మ గొర్రె. దాన్ని పట్టుకుని ఫోటో తీసుకోవాలట. ఒళ్లంతా ఉంగరాల తెల్ల బొచ్చు. మా ఎర్ర గొర్రెకు అంత బొచ్చుంటే మధ్యాహ్నానికే ప్రాణం పోతుంది.

"బెంగుళూరు నుంచి తెప్పిచ్చినాం మామా."

దాని ముఖం చూస్తే ఇంకా చాలా దూరం నుంచి వచ్చినట్టుంది.

తర్వాత తొలి గుడిసె. అసలు గుడిసెను పడగొట్టి, అదే చోట సిమెంటుతో ఇంకొకటి కట్టి, మట్టి రంగు పూశారు. లోపల అద్దాల పెట్టెలో కంబళి.

"మా తాత అంజినప్ప కప్పుకున్న కంబళి. ఆయనే ఈ వీధికి మూలపురుషుడు" అన్నాడు చంద్రమోహన్.

కంబళి మూలన చిన్న చీటీ కుట్టి ఉంది. మెషీన్‌లో ఉతకరాదని దాని మీద బొమ్మ. అంజినప్ప అరవై ఏళ్లపాటు దాన్ని మెషీన్ దగ్గరికి పోనీకుండా కాపాడినందుకు నాకు సంతోషం వేసింది.

ఆ పక్కన గొర్రెల దొడ్డి. "ఒకప్పుడు ఈడ రెండు వేల జీవాలు ఉండేవి." ఇప్పుడు పన్నెండు కార్లున్నాయి. శుభ్రంగానే ఉంది. ఎరువు మాత్రం రాదు.

వీధి చివర గుడ్డ చుట్టిన నల్లరాతి ఫలకం. వచ్చే ఆదివారం ఎవరో పెద్దమనిషి వచ్చి తెరుస్తాడట. మాకోసమని గుడ్డ ఒక పక్క ఎత్తి చూపించాడు. జనార్దన్ చదివాడు. "ఖాళీ చేతులతో వచ్చి, కష్టాన్నే నమ్ముకుని ఈ వీధిని నిలబెట్టిన మహనీయుడు శ్రీ అంజినప్ప."

"గొర్రె యాడైనా ఉండాదా ఈ వీధిలో?" అని అడిగాను. జనార్దన్ నా మోచెయ్యి గిల్లాడు.

"యాల మామా? మటన్ వండిస్తా ఉండాము గదా!"

ఇంటి మెట్ల మీద కూర్చున్న చంద్రమోహన్ తల్లి మునిరత్నమ్మ ఆ మాట విని లేచింది. "ఉండాది రాప్పా. అమ్మవారి దేవరకు ఇడిసిన పొట్టేలు. నేనే సాకతాండాను" అని పెరట్లోకి తీసుకుపోయింది.

వాషింగ్ మెషీన్ పక్కన పొట్టేలు కట్టేసి ఉంది. నిజమైన ఎర్ర పొట్టేలు. ఆ వీధిలో రంగు పూయనిది అదొక్కటే. ఎడమ చెవి పట్టి చూశాను. కొన రెండుగా చీలి ఉంది. కింద చంద్రవంక.

"చంద్రమోహనా, నన్ను మామా అనొద్దు. చిన్నాయనా అనాల" అన్నాను. "ఇది మా గుర్తు. మనం అన్నదమ్ములం."

చంద్రమోహన్ నవ్వబోయి ఆగాడు. గుమ్మంలో కాఫీలు పట్టుకున్న భరత్ ముఖం పాలిపోయింది.

జనార్దన్ నన్ను పక్కకు లాగాడు. "ఎవురు సూసినారు నాయనా? ఊరుకో. ఆ బిడ్డ పెండ్లే వద్దంటాండాది."

"రేపు దేవరకు ఈ పొట్టేలును తెస్తారు గదా. మన పెద్దోళ్లు ముందు సూసేది సెవే."

"ఈ గుర్తు గొర్రెల్ని మా తాత సంతలో కొనుంటాడు!" అన్నాడు చంద్రమోహన్.

"అమ్మేటప్పుడు గుర్తున్న కొన తెగ్గోసి అమ్ముతాం. దీనికి గుర్తు నిండుగా ఉండాది."

అన్నదమ్ములు కాకుండానే ఆ గుర్తు వచ్చే దారి ఇంకొకటి ఉంది. దాన్ని నా నోటితో చెప్పడం మర్యాద కాదు. అయినా చెప్పాను.

"ఆ కరువేడు మా నాయన మందలో ఒక్క రాత్రికి ఇరవై రెండు గొర్రెలు పోయినాయి. హార్స్లీ హిల్స్ నుంచి చిరుత దిగిందన్నారు. ఒక ఎముక లేదు, నెత్తురు సుక్క లేదు. మా నాయన సచ్చేదాకా ఆ చిరుత శుభ్రతను పొగడతానే ఉండె."

చంద్రమోహన్‌కు అర్థమయ్యే లోపల మునిరత్నమ్మకు అర్థమైంది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"చిరుత కాదులేప్పా. మా మామే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో కల్లు తాగినప్పుడు చెప్పినాడు. మా సొంత గుర్తు పెడితే మందలో రెండు గుర్తులు కనబడతాయి, అడుగుతారు. అందుకని పుట్టిన పిల్లలకూ అదే గాటు పెడతా వచ్చినాడు. ఆయన పోయినాక నేనూ అదే పెడతాండాను."

"అమ్మా!" అని అరిచాడు చంద్రమోహన్. "ఆదివారం ఫలకం తెరవాల! వీధంతా వస్తారు!"

"దాని మీద ఉండేటోడు సచ్చిపోయినాడు. నా మనవడు బతికుండాడు. యాల అరస్తావు?"

"ఇది మన మధ్యనే పెట్టుకుందాం" అన్నాడు చంద్రమోహన్ నా చేతులు పట్టుకుని.

"పెట్టుకుంటే మనం అన్నదమ్ములమే. పెద్దోళ్ల ముందర చెప్తేనే వియ్యంకులం. నీ ఇష్టమప్పా" అని కాఫీ తాగాను. బాగుంది.

పదిహేను రోజులకు మదనపల్లెలో ఒక హాల్లో తాంబూలాలు పెట్టుకున్నాం. ఫలకానికి గుడ్డ ఇంకా తీయలేదని మునిరత్నమ్మ చెప్పింది. మా వైపు కులపెద్ద బి.కొత్తకోట గోవిందప్ప. కుర్చీలో కూర్చోగానే చెవి గుర్తు అడిగాడు. చంద్రమోహన్ లేచాడు. పట్టు పంచె, జరీ కండువా.

"మా తాత ఆ కాలంలో, పరిస్థితులను బట్టి, కొన్ని గొర్రెలను స్వీకరించి..."

"స్వీకరించేదేందప్పా, ప్రసాదమా?" అన్నాడు గోవిందప్ప.

"తోలుకోని వచ్చినాడు."

"అడిగి తోలుకొచ్చినాడా?"

"అడగలా."

"అడక్కుండా తోలుకొస్తే ఏమంటారు?"

చంద్రమోహన్ కండువాతో నుదురు తుడుచుకున్నాడు. తల వంచుకున్న సుప్రజ వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు. నోట్లోనే ఏదో అన్నాడు.

వెనక వరస నుంచి ఎవరో కేక వేశారు. "గట్టిగా చెప్పప్పా, ఈడికి వినబళ్లా!"

"దొంగతనం!" అని అరిచాడు చంద్రమోహన్. "మా తాత గొర్రెల దొంగ!"

హాలంతా ఊపిరి పీల్చుకుంది. ఒక మనిషి దొంగని తేలినందుకు అంతమంది అంత సంతోషించడం నేనెక్కడా చూడలేదు. సుప్రజ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"అయితే వరస కలుస్తాది" అన్నాడు గోవిందప్ప. "మార్చుకోండి తాంబూలాలు."

మునిరత్నమ్మ అప్పటికే పళ్లెం ఎత్తి నా చేతుల్లో పెడుతోంది.