ఆదివారం చదివిన చీటీ

ఇంతకీ ఆ గేటు తాళం లోపలి వైపు ఎందుకేసింది, లోపలేస్తే కాపాడుతున్నట్టట, బయటేస్తే జైలట, ఇవి వార్డెన్ జయలక్ష్మమ్మ మాటలు, ఎటేసినా తాళంచెవి ఆమె నడుముకే కదా, పన్నెండు రోజుల క్రితం ఆళ్లగడ్డ నుంచి పోలీసు జీపులో తెచ్చి నంద్యాలలో బోర్డు కూడా లేని ఈ ఆడవాళ్ల హోములో దింపినప్పుడే అనుకున్నాను, గవర్నమెంటు వాళ్లు ఊరికే అన్నం పెట్టరని, మొగుడి పేరు మూడుసార్లు అడిగింది, సాల్మన్ రాజు అని మూడుసార్లూ రాసుకుంది, ఎవరికి చూపించడానికో, ఫోను బీరువాలో పెట్టేసుకుంది, శుక్రవారం మాత్రం రెండు నిమిషాలిచ్చి ఎవరితోనన్నా మాట్లాడుకో లూదియా, ఈ చోటు మాత్రం మీ అమ్మకైనా చెప్పాకు అంది, అమ్మకు చెప్పకూడని చోటు మంచిదెలా అవుతుంది, అందరికీ దూరం చేసి చివరికి రాజీ కాగితం ముందు పెడతారు, నాకు తెలియదా, పోయినేడు చెయ్యి విరిగి పాస్టరుగారింటికి పరిగెత్తితే పాస్టరమ్మ కాఫీ ఇచ్చింది, అది తాగేలోపే నా మొగుడు గుమ్మంలో నిలబడ్డాడు, ఇద్దరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేసి పంపేశారు, ఈ పొద్దున జయలక్ష్మమ్మ కూడా పిలిచి మరీ కాఫీ ఇచ్చింది.

అదుగో, గేటు దగ్గర ఆ గొంతు, అమ్మా, నా భార్య ఈడనే ఉండాది, పంపించండి, ఎంత మెత్తగా అడుగుతున్నాడో, చర్చిలో పాట ఎత్తుకునే గొంతు, తలుపు గడియ పెట్టాక మారిపోయే గొంతు, ఇంకేం అనుమానం, వార్డెనే చెప్పేసింది, ఉన్న రెండు చీరలూ సంచిలో కుక్కాను, పెరటి గోడ నడుమెత్తే ఉంది, దూకితే సందు, బస్టాండు, డోన్ పోతే ఏదో ఒక రైలు, యాడికి పోతాండావక్కా అని అమృత, బిడ్డను ఒళ్లో పెట్టుకుని, బండి ఆత్మకూరు నుంచి వచ్చిన పిల్ల, నోరు మూసుకోమని సైగ చేశాను, ఈ పిల్లను మాత్రం ఎందుకు నమ్మాలి, కిటికీ సందులోంచి వార్డెన్ వీపు కనిపిస్తోంది, చెయ్యి నడుము దగ్గరికి పోయింది, తెరుస్తుంది, ఇప్పుడే తెరుస్తుంది, లేదు, తాళంచెవి గుప్పిట్లో బిగించింది, అట్లాంటి మనిషి ఈడ లేదప్పా, బేగా పో, పోలీసులకు ఫోను చేసినా అంటోంది, ఇది నాటకమైతే ఎవరి కోసం, నేను చూస్తున్నానని ఆమెకు తెలియదే.

లేకపోవడమేందమ్మా, పొద్దున మా చర్చిలో అందరి ముందరా చదివినారు, నంద్యాలలో నీళ్ల ట్యాంకు వెనక ఆడోళ్ల హోములో ఉండే సహోదరి లూదియా కోసరం ప్రార్థన చేయమని, అంటున్నాడు అతను.

చదివారా, చీటీ, శుక్రవారం నాటి రెండు నిమిషాలు, అమ్మకు కాదు, మా చర్చిలో స్త్రీల కూడికకు పెద్దయిన పరంజ్యోతక్కకు చేశాను, ప్రార్థన చేయక్కా అంటే యాడుండావ్ మే అంది, నీళ్ల ట్యాంకు గుర్తుతో సహా చెప్పాను, మాకదే అలవాటు, ఎవరికి జ్వరమొచ్చినా ఏ ఆసుపత్రి, ఏ వార్డు, ఎన్నో మంచం అని చీటీ మీద రాసిస్తాం, దేవుడు దారి తప్పుతాడేమో అన్నట్టు, ఆదివారం మైకులో చదువుతారు, నేనే ఎన్ని చదివానో, పాపం అక్క ఏడుస్తూనే రాసి ఉంటుంది, అతను ముందు వరసలో కూర్చుని ఆమెన్ అని ఉంటాడు, గేటు బయట అతని బండి స్టార్టయి చప్పుడు దూరమైంది, వార్డెన్ లోపలికొచ్చింది, ఎవరు చెప్పారని కూడా అడగలేదు, సాయంత్రంలోపల అందరినీ వేరే చోటికి మార్చాల, సర్దుకోండి అంది, అందరినీ, అమృత తీగ మీది బిడ్డ బట్టలు తడి ఆరకుండానే లాగుతోంది, వచ్చిన వారం రోజులూ గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయిన పిల్ల, రాత్రే మొదటిసారి కాళ్లు చాపి పడుకుంది, పన్నెండు రోజులు అందరి నోళ్లూ కనిపెట్టుకుని కూర్చున్నాను, నా నోరు తప్ప, ఈ పిల్ల దాక్కున్న చోటు బయటపెట్టింది నేనే, ఆ మాట అమృతకు నేనే చెప్పాలి.