కారుకు ముక్కుతాడు

నీళ్లు విడిగా ఉంటే గడ్డకడతాయి. కారు రేడియేటర్లో పోసే యాంటీఫ్రీజ్ కూడా విడిగా ఉంటే గడ్డకడుతుంది. రెండూ సగం సగం కలిస్తేనే కెనడాలోని ఈ సస్కచెవాన్ చలిని తట్టుకుంటాయి. జీవితమంతా ఈ గరాజులోనే గడిపినా ఓరెస్ట్‌కు ఆ సంగతి ఇప్పటికీ వింతగానే ఉంటుంది. పగుళ్లు పడ్డ వేళ్లతో ముందున్న కారు రేడియేటర్ మూత తిప్పి, ఆకుపచ్చ ద్రవాన్ని రబ్బరు బుడ్డి ఉన్న పరీక్ష గొట్టంలోకి పీల్చి చూశాడు. పాకంలా చిక్కగా ఉంది.

“నీళ్లు కలపలేదా మేవిస్?”

పక్కింటి మేవిస్ పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటోంది. “నేనేం పాలమ్ముకుంటున్నానా, నీళ్లు కలపడానికి? దూరప్రయాణం కదా అని పాతదంతా తీసేసి అసలు సరుకే పోశాను. వెళ్లేముందు కూడా నీకు పని చెప్పడమెందుకని.”

రేపు ఆమె సముద్రం పక్కన, ఇంత చలిలేని విక్టోరియాలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. ఇక రాదు.

ఓరెస్ట్ మూత పట్టుకుని నిలబడిపోయాడు. ఏమీ అనకుండా బిగించేస్తే చాలు. రాత్రి చలికి రేడియేటర్లో ఆ సరుకు ముద్దలా బిగుసుకుంటుంది. అది పారక, చల్లబరిచేదేమీ లేక, ఊరు దాటకముందే ఇంజను ఉడికిపోతుంది. ఆమె తిట్టుకుంటూ నడిచి వచ్చేస్తుంది. వసంతం దాకా ప్రయాణం మాటే ఉండదు. కానీ ఆ నడక దగ్గరే అతని ఊహ ఆగింది. మంచుదారిలో ఆమె పలచటి బూట్లు కనిపించాయి.

కింద పళ్లెం పెట్టి సగం వంపేశాడు. నీళ్లు పోశాడు. తెలియకుండానే ఈల కూడా వేశాడు.

“అక్కడ కార్లకి ముక్కుతాళ్లుండవట,” అంది మేవిస్.

“మరి మనుషులకో?”

“పోవోయ్!”

ఆమె ఇంటి ప్లగ్గు పాడైనప్పటినుంచీ, చలికాలమంతా ఆమె వాకిట్లో నిలిపే ఆ కారు ముక్కులోంచి వేలాడే హీటరు తీగను ఓరెస్ట్ ఇంటి గోడకున్న ప్లగ్గుకే తగిలించేవారు, మధ్యలో పొడవాటి నారింజరంగు తీగ వేసి. రాత్రంతా ఇంజను అతని కరెంటుతోనే వెచ్చగా ఉండేది. ఆ సాయంత్రం కూడా అతనే తగిలించాడు.

పొద్దున కారు ఒక్క తిప్పుకే అందుకుంది. మేవిస్ చెయ్యి ఊపి కదిలింది, తీగ విప్పడం మరిచిపోయి. ఈ ఊళ్లో ఎవరు చెయ్యని పొరపాటు! నారింజ తీగ సాగి, బిగిసి, టప్పున ఊడి మంచులో పడింది. కిటికీలోంచి చూస్తూ ఓరెస్ట్ గట్టిగా నవ్వాడు. కారు మలుపు తిరిగేదాకా ఇంజను చప్పుడు విన్నాడు. ఎక్కడా తడబాటు లేదు.

తర్వాత బయటికి వెళ్లి, తీగను దులిపి చుట్టచుట్టి, ఎప్పటి మేకుకే తగిలించాడు. కొస మాత్రం ఆమె వాకిలివైపు వేలాడుతూ ఉంది.