అరవై ఒకటో వీపు

ఆ పొద్దు మొగులు కదులుతలేదు. తెల్లారింది గని వెలుగు ఏ దిక్కునుంచి వస్తున్నదో తెలుస్తలేదు. పొద్దు పొడిచే కాడ, పొద్దు గూకే కాడ ఒక్కటే తీరు బూడిద రంగు. గాలి లేదు. పక్క చేన్ల మక్కాకు ఒక్కటి గూడ కొట్టుకుంటలేదు. వాన పడక ఇరవై రోజులైంది. ఆ మొగులు చూస్తె పడేటట్టు గూడ లేదు, ఊకె నిలవడి ఉన్నది.

ఎల్లేశం చెల్క మూలకున్న దొడ్డి కాడ తడక ఒక మూర జరిపి, పక్కన కూసుండి, కుడిచెయ్యి చాపి కండ్లు మూసుకున్నడు.

వాళ్ల ఇంట్ల గొర్ల లెక్క గిట్లనే. తడక సందుల నుంచి ఒక్కొక్కటే బయిటికి రావాలె, వచ్చిన దాని వీపు మీద అరచెయ్యి వెయ్యాలె. చూసుకుంట లెక్కవెడితే చూపు ముందటి గొర్రె మీదికి ఉరుకుతది, చెయ్యి ఉరుకది, అనేటోడు బాపు.

యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. అరవై. అయిపోవాలె. ఎల్లేశం చెయ్యి తీసుకోలేదు.

అరవై ఒకటి.

అది గొర్రె వీపు కాదు. గొర్రె ఉన్నిల వేళ్లు లోపలికి పోతయి. ఇది గరుకుగ ఉన్నది, పోగు మీద పోగు నేసినట్టు. తడిసిన గొంగడి. వంగి, తొందర లేకుంట, చెయ్యి కిందికెల్లి దాటిపోయింది.

కండ్లు తెరిచిండు. ముందట గొర్లు తప్ప ఏం లేవు. అరచెయ్యి వాసన చూసుకున్నడు. పచ్చి మట్టి.

"ఏందయ్యా, గట్లనే కూసున్నవ్?" భార్య శాంత చీపురు పట్టుకొని దొడ్లెకు వచ్చుకుంట అడిగింది.

"ఒకటి ఎక్కువొచ్చింది."

"మల్లనా? మూడొద్దులాయె. ఎవ్వలదన్న గొర్రె కలిసిందేమో చూడు. లేకుంటె జగిత్యాల పోయి కండ్లు చూపిచ్చుకో."

"కండ్లు మూసుకొని లెక్కవెట్టెటోనికి కండ్ల డాక్టరెందుకే?"

"అయితె చెయ్యి చూపిచ్చుకో," అని శాంత పెంట ఊడ్సుడు మొదలుపెట్టింది.

ఎల్లేశం నవ్వలేదు. ఆ ఒక్కటి ఎవరో తెల్వక కాదు.

బాపు మంద కాసిన రోజుల్ల, గొర్లు ఎన్నున్నా లెక్క ఒకటి ఎక్కువే వచ్చేది. దొడ్లె గొర్లతోని పండుకున్న మనిషి అన్నిటెనుక వంగి తడక దాటుతుంటె, బాపు ఆయన వీపు మీద గూడ చెయ్యి వేసి లెక్క ముగించేటోడు. కాపరి మందకు బయిటోడు కాదు, మందలనే ఒకడు. ఆ పండుకునే మనిషి ఎల్లేశం పెద్దన్న సాయిలు. పందొమ్మిదేండ్ల వయసుల ఇదే చెల్క నట్టనడుమ పిడుగు పడి పోయిండు. బాపు ఆయనను ఎటూ కొంచవోలే. పడ్డ తావునే బొంద తవ్వి, కప్పుకున్న గొంగడితోనే పండవెట్టిండు. మంద ముందట నడిచే పొట్టేలు మెడల గంట ఇప్పి చేతుల పెట్టిండు. రాయి మాత్రం పెట్టలే.

"రాయి పెడితె మంద పక్కకెల్లి పోతదిరా," అన్నడు. "మీదికెల్లి నడవాలె. వానికి తోడుండాలె."

అప్పటి సంది ఆ మందల ఏ గొర్రెకు గంట కట్టలేదు. దొడ్లె ఎవ్వలు పండుకోలేదు. పగటీలి గొర్లు పండుకునేది మాత్రం ఆ బొంద మీదనే. తెలిసిన పెద్దోళ్లంత ఒక్కొక్కలే పోయిన్రు. చెల్లె రేణుకకు అప్పుడు మూడేండ్లు. శాంత ఈ ఇంటికి రానే లేదు.

మూడు రోజుల కింద కోరుట్ల నుంచి ప్లాట్లు చేసే దివాకర్ వచ్చి, నాలుగెకరాలు తిరిగి చూసి, కారెక్కెటప్పుడు అడిగిండు, "ఎల్లన్నా, బొందలు గిన ఏమన్న ఉన్నయా దీంట్ల? ఇండ్లు కట్టుకునేటోళ్లు ముందుగాల గదే అడుగుతరు."

"ఏం లేవు," అన్నడు ఎల్లేశం.

మోకాళ్లు పోయినయి. గొర్లెనుక తిరిగే దినాలు అయిపోయినయి. రేణుక సిరిసిల్లల ఇంకొకల సాంచాల మీద బట్ట నేస్తది. తన పాలు వస్తె సొంతంగ రెండు సాంచాలు కొనుక్కుంటదట. చెల్క అమ్మితే గొర్లను గూడ సంతకు తోలుడే. అన్నీ ఆలోచించుకొనే ఆ మాటన్నడు. ఆ తెల్లారి నుంచే లెక్క ఎక్కువొస్తున్నది.

పగటీలి వరకు రేణుక బస్సు దిగి వచ్చింది. తెల్లారితె మండల ఆఫీసుల రిజిస్ట్రేషన్, ఇద్దరి సంతకాలు పడాలె. వస్తనే వదినె చేతుల అరటిపండ్లు పెట్టి, "ఈసారి నువ్వు సిరిసిల్లకు రావాలె వదినె, మొదటి చీర నా సాంచ మీదిదే నీకు," అన్నది.

"ఎరుపుదియ్యి. మీ అన్న తెచ్చెయన్ని గొర్రె రంగే," అన్నది శాంత.

దివాకర్ కారు గూడ అప్పుడే వచ్చింది. డిక్కీల నుంచి కట్టెమేకులు, సుత్తె, సున్నం డబ్బ తీసిండు. రోడ్డు ఎక్కడికెల్లి పోతదో గుర్తులు పెట్టాలె అన్నడు.

నలుగురు చెల్క నడుమకు నడిచి ఆగిన్రు.

గొర్లు పండుకొని ఉన్నయి. అరవై గొర్లు, ఒకదానికొకటి ఆనుకొని, గుండ్రంగ. నడుమ ఒక మనిషి పొడుగు జాగ ఖాళీ. అన్నిటి మొకాలు ఆ ఖాళీ దిక్కే. నెమరు గూడ వేస్తలేవు.

"ఏందన్నా, నీ గొర్లు గ్రామసభ పెట్టినయా?" దివాకర్ నవ్విండు. "సర్పంచ్ ఇంక రాలేదా?"

ఆయన గొర్లను దాటుకుంట లోపలికి పోయిండు. ఒక్క గొర్రె లేవలేదు, జరగలేదు. నడుమ నిలవడి కాలుతోని నేల తన్ని చూసిండు.

"ఇగో, ముప్పై ఫీట్ల రోడ్డు గిట్లకెల్లి... ఏ గొర్రెకన్నా గంట కట్టినవా?"

"కట్టలే," అన్నడు ఎల్లేశం.

"మరి మోగుతున్నది గదా."

మోగుతున్నది. శాంతకు వినవడ్డది, రేణుకకు వినవడ్డది. మెడ ఊపినట్టు కాదు. చేతుల పట్టుకొని ఒక్కొక్కసారి కొట్టినట్టు, మట్టి అడ్డం ఉన్నట్టు, మొద్దుగ. ఎటుకెల్లి వస్తున్నదో చూద్దమని దివాకర్ చుట్టు తిరిగిండు. చప్పుడు ఆయన కాళ్ల కాడనే ఉన్నది.

"పక్క చేన్ల ఎవ్వలో బర్లను తోలుతున్నరు," అని ఆయనే అనుకొని, మేకు తీసి అక్కడ నిలవెట్టిండు. "రా అన్నా, పట్టుకో. నేను కొడుత."

ఎల్లేశం పోయిండు. వంగి రెండు చేతులతోని మేకు పట్టుకున్నడు. దివాకర్ సుత్తె లేపిండు. మేకు కొన కింద నేల తడిగ ఉన్నది. ఇరవై రోజుల ఎండకు పగిలిన ఎర్రమట్టిల, ఆ ఒక్క తావు తడి. మేకు దానంతట అదే నాలుగు వేళ్లు దిగింది, కింద ఎవరో అందుకున్నట్టు.

ఎల్లేశం మేకు పీకి పక్కకు పడేసిండు.

"నేను అబద్ధం చెప్పిన," అన్నడు. "ఉన్నది. ఇక్కడనే. మా అన్న సాయిలు."

దివాకర్ సుత్తె దించిండు. ఒక అడుగు ఎనుకకు వేసిండు. అయినా వ్యాపారం చేసే మనిషి, గొంతు తగ్గిచ్చి అన్నడు, "ఎవ్వలకు ఎరుక? రాయి లేదు, గద్దె లేదు. జేసీబీ పెడితె ఒక్క గంట పని. తీసి ఎక్కడన్న మంచి జాగల పెట్టుకుందురు. ధరల మార్పు లేదు."

ఎల్లేశం చెల్లె దిక్కు చూసిండు. రేణుక అక్కడనే నిలవడ్డది, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని.

"ఊరి మసానంల పెట్టిన్రనుకున్న," అన్నది. "ఏటేట దసరనాడు గక్కడ మొక్కుకుంట, అన్నా. ఉత్త మట్టికి మొక్కిన్నా ఇన్నేండ్లు?"

"బాపు..."

"బాపు పోయి పదేండ్లాయె. నువ్వు చెప్పకపోతివి."

దివాకర్ ఇద్దరిని చూసి, "ఆలోచించుకోన్రి. రేపు పదింటికి నేను ఆఫీసు కాడుంట," అన్నడు.

"నువ్వు రాకు," అన్నడు ఎల్లేశం. "ఈ చెల్క అమ్మను."

"ఇంతమంచి ధర మల్ల రాదన్నా."

"రాకపోనియ్యి."

దివాకర్ మేకులు ఏరుకున్నడు. పడేసిన మేకు మాత్రం ముట్టలేదు. గొర్లు ఆయనకు తొవ్వ ఇచ్చినయి. మేడిపల్లి రోడ్డెక్కెదాక కారు చప్పుడు వినవడ్డది. తర్వాత అదీ లేదు, గంట లేదు.

రేణుక ఏడుస్తదనుకున్నడు ఎల్లేశం, తిడుతదనుకున్నడు. ఆమె సంచిల ఉన్న ఆధార్ కార్డు కాయితం తీసి, మడిచి, మల్ల సంచిల పెట్టుకున్నది. "నాలుగింటికి బస్సున్నదా?" అని శాంతను అడిగింది.

"తిని పో," అన్నది శాంత.

దొడ్డి గోడ కాడ నీడ లేదు, ఎండ గూడ లేదు. ముగ్గురు నేల మీద ఒక్క వరుసల కూసున్నరు. శాంత గంప దించి, ముగ్గురికి జొన్నరొట్టె, పచ్చిపులుసు వడ్డిచ్చి, తను నడుమ కూసున్నది. అటు మొగడు, ఇటు ఆడబిడ్డ. ఎవ్వల మొకం ఎవ్వలు చూస్తలేరు.

చెల్క నడుమ గొర్లు లేసినయి. ఒక్కొక్కటే ఆ ఖాళీ మీదికి వచ్చి, మోకాళ్లు మడిచి పండుకున్నయి. నెమరు మొదలైంది.

రేణుక సగం రొట్టె కాడ ఆగింది. దొడ్డి లోపట తడక కొద్దిగ జరిగింది. గాలి లేదు. ఎల్లేశం తల ఎత్తలే.

శాంత మాత్రం గిన్నె పట్టుకొని, మొగని దిక్కు ఒక జానెడు జరిగి, తనకూ రేణుకకూ నడుమ ఒక మనిషి కూసునేంత జాగ ఇచ్చింది. ముగ్గురు వంచిన తల ఎత్తకుంట తిన్నరు.